శుక్రవారం మాత్ర

పుంగనూరు,
12 సెప్టెంబరు 2007, బుధవారం.

అమ్మకు,

భార్గవి నమస్కారాలు. ఇక్కడ నేను, మామ, అత్త ముగ్గురం క్షేమంగానే ఉన్నాం. అక్కడ నువ్వు కూడా క్షేమమని తలుస్తాను. ఇన్నేళ్ళుగా ప్రతి ఉత్తరంలోనూ "నలుగురం" అని రాసి అలవాటు. ఇప్పుడూ చెయ్యి అదే రాయబోయింది. పైన కొట్టివేత కనిపిస్తే అందుకే.

నీ ఉత్తరం సుబ్బలక్ష్మమ్మ తెచ్చి ఇచ్చింది. ఆమె సెలవు అయిపోయింది. రేపు చెన్నైలో కువైట్ విమానం ఎక్కుతుంది. శుక్రవారం నువ్వు ఫోన్ చేయడానికి వెళ్ళే కొట్టు దగ్గరే ఈ ఉత్తరం నీ చేతికిస్తానని మాటిచ్చింది. కవరు అంటించి ఇస్తున్నాను. నీ గదిలో వాళ్ళెవరికీ చదివి వినిపించకు. ఫోన్ చేసే ముందే చదువు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను.

అవ్వ పెద్దకర్మ బాగా జరిగింది. మామ గుండు చేయించుకున్నాడు. అవ్వకు కిందటిసారి నువ్వు తెచ్చిన ఆకుపచ్చ చీర కట్టే సాగనంపాం. కట్టుకోమంటే దాచుకున్న చీర అది. వంటింటి రేకులు మార్చాం, ఇప్పుడు కారడం లేదు. నేను డిగ్రీ మూడో సంవత్సరంలోకి వచ్చాను. ఎనిమిదింటి బస్సుకు మదనపల్లె వెళ్ళి, సాయంత్రం ఆరుకి వస్తున్నాను. మామ మండీలో టమోటా ధర పడిపోయి, మొన్న రైతులు గంపలు రోడ్డు మీదే పారబోసి వెళ్ళారట. మామ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆయన పండించింది కాకపోయినా.

ఫోన్‌లో ఊ, ఆ అని అత్తకు ఇచ్చేస్తున్నానని రాశావు. చిన్నప్పటి నుంచీ నేను అంతే కదా. కాన్వెంటులో మూడేళ్ళు వరుసగా నిశ్శబ్దానికి బహుమతి ఇచ్చారు, నీకు గుర్తుందో లేదో. అప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు. కానీ ఈసారి కారణం అది కాదు. చెప్తాను.

అక్కమ్మకు మాత్రలు ఇచ్చావా అని అడిగావు. ఇవ్వలేదు.

సుబ్బలక్ష్మమ్మ ఆ డబ్బా నా చేతికిచ్చి నెల దాటింది. నువ్వు అక్కమ్మకనే పంపావని వీధంతా చెప్పింది కూడా. రోజూ కొళాయి దగ్గర అక్కమ్మ పట్టుకుంటుంది. నిన్న పొద్దున అందరి ముందూ అన్నది:

"ఏమ్మే బార్గవీ, కువైట్ మందు మీ పెట్టెలో యాల మురగబెట్టుకుంటాండావు? మీ యమ్మ నా పేరు సెప్పి పంపించిందంట గదా. నా యేళ్ళు సూడు, సెంబు గూడా పట్టుకోలేకుండా ఉండాను."

నేను బిందె ఎత్తుకుని వచ్చేశాను.

"ఎక్కువ సదివితే సెవుడు గూడా వస్తాది కాబోలు మే," అని వెనక ఎవరితోనో అంటోంది. అందరూ నవ్వారు.

నన్ను పిసినారి అనుకుంటున్నారు. దొంగ అని కూడా అనుకుంటూ ఉండవచ్చు. అనుకోనీ. ఆ డబ్బాలో మాత్రలన్నీ నేను దొడ్డి వెనక గుంత తవ్వి, సున్నం పోసి పూడ్చేశాను. ఎందుకో చెప్పాలంటే అవ్వ సంగతి చెప్పాలి. అవ్వ సంగతి చెప్పాలంటే నేను రాసే చీటీల నుంచి మొదలుపెట్టాలి.

గురప్పన్న మందుల అంగడి నీకు తెలుసు. పది మాత్రల అట్ట తీసి, అడిగినన్ని కత్తెరతో కత్తిరించి ఇస్తాడు. పేరు ఒక ముక్క మీద, తారీకు ఇంకో ముక్క మీద ఉండిపోతాయి. మన వాళ్ళు పేరు లేని మాత్రలు కొంగున కట్టుకుని, "తెల్లది పొద్దన, ఎర్రది రేత్రి" అనుకుంటూ ఇంటికి పోతారు. మధ్యలో రెండూ కలిసిపోతే అంతే.

కిందటేడు మా జువాలజీ మేడం క్లాసులో బోర్డు మీద ఒక ఇంటర్నెట్ అడ్రసు రాసింది. అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం వాళ్ళదట. మాత్రల డబ్బాలో సన్న అక్షరాలతో మడిచి పెట్టిన కాగితం ఉంటుంది చూడు, ఎవరూ చదవకుండా పారేస్తారు. అలాంటి కాగితాలన్నీ అందులో పెట్టారు. ఎన్ని వేల మందులో. ఆ సాయంత్రమే మదనపల్లె బస్టాండు దగ్గర బ్రౌజింగ్ సెంటరుకు వెళ్ళి చూశాను. డబ్బాల మీద పెద్ద అక్షరాల పేర్లు మనకూ వాళ్ళకూ వేరైనా, కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు ఒకటే. అది కొడితే చాలు. నీ పేరేమిటి అని అడగదు. ఎవరి కూతురివి అని అడగదు. డబ్బు అడగదు. ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా ఎంతసేపైనా చదువుకోవచ్చు. నాకది తాళం లేని లైబ్రరీలా అనిపించింది. నాకోసమే తెరిచిపెట్టారేమో అనుకున్నాను.

వీధిలో వాళ్ళకు చీటీలు రాయడం అలా మొదలైంది. గురప్పన్న మందు అసలు పేరు చెప్తే, నేను చదివి వచ్చి తెలుగులో రాసి ఇచ్చేదాన్ని. ఇది దేనికి, ఎప్పుడు వేసుకోవాలి, అన్నానికి ముందా తర్వాతా, ఒంటికి ఏం చేస్తుంది. ఆయన మాత్రల ముక్కకు చీటీ చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఇచ్చేవాడు. జనం నన్ను చీటీలమ్మ అనడం మొదలుపెట్టారు. దారిలో పలకరించేవారు. నా నోరు ఇరవై ఏళ్ళలో చేయలేని పని నా చెయ్యి నాలుగు నెలల్లో చేసింది. సంతోషంగా ఉండేది, అమ్మా. ఆ సంతోషం కూడా నీకు చెప్పాలి, లేకపోతే ఇది నిజమైన ఉత్తరం కాదు.

అప్పుడే అక్కమ్మకు బీపీ మాత్రల చీటీ రాశాను. కాగితంలో ఉన్నదంతా రాశాను. కళ్ళు తిరగవచ్చు, మొహం వాయవచ్చు, దగ్గు రావచ్చు, అరుదుగా ప్రాణం మీదికి రావచ్చు. ఆమె ఎవరితోనో చదివించుకుని, భయపడి మాత్రలు మానేసింది. పది రోజులకు సంతలో పడిపోయింది. బతికింది, మూతి మాత్రం కొంచెం వంకర పోయింది. గురప్పన్న నన్ను అంగడికి పిలిపించాడు.

"పాపా, నువ్వు రాసేది మందు సీటీనా, మరణ వాంగ్మూలమా? అమెరికావోళ్ళు కోర్టులకి బయపడి రాసుకుంటారమ్మా అయ్యన్నీ. ఈడ అయి సదివితే ఒక్కడన్నా మాత్ర మింగుతాడా? దేనికో రాయి, ఎప్పుడో రాయి. అంతే. నా యాపారం సంగతి వదిలిపెట్టు, ముసిలోళ్ళని బతకనీ."

ఆయన చెప్పింది తప్పని నాకు అనిపించలేదు. అక్కమ్మ మూతి నా కళ్ళ ముందే ఉంది.

ఆ సైటులో ప్రమాదకరమైన మందులకు హెచ్చరికలు అన్నిటికన్నా పైన, నల్ల గీతల పెట్టె కట్టి ఉంటాయి. వాటిని దాటితే "దేనికి వాడతారు" అన్న భాగం వస్తుంది. మౌసు మీద చిన్న చక్రం ఉంటుంది, వేలితో తిప్పితే పేజీ కిందికి జారుతుంది. పెట్టె కనిపించగానే నేను చక్రం గట్టిగా రెండుసార్లు తిప్పేదాన్ని. కొన్నాళ్ళకు కన్ను చూడకుండానే వేలు తిప్పేయడం నేర్చుకుంది. నాకు కావలసిన రెండు ముక్కలు రాసుకుని లేచి వచ్చేదాన్ని.

ఏప్రిల్‌లో నీ అట్టపెట్టె వచ్చింది. ఎప్పటిలాగే ప్రతి వస్తువు మీదా నీ చేతి రాత. షాంపూ పండగలకే. పాలపొడి ఒగ చెంచానే. సెంటు పెళ్ళిళ్ళకి. టాంగు శుక్రవారం కలుపుకోండి, ఆ పొద్దు నాకు సెలవు, నేను గూడా ఈడ కలుపుకుంటా, అందరం ఒకే పూట తాగినట్టు ఉంటాది. ఆ అడుగున మాత్రల డబ్బా, మొదటిది. పసుపు రంగు చిన్న మాత్రలు. నువ్వు చూసుకునే ఆ ఇంటి పెద్దామెకు వీటితోనే కీళ్ళు పట్టు వదిలాయని, ఇప్పుడు ఆమెకు డాక్టరు ఇంజెక్షన్లకు మార్చాడని, మిగిలినవి అమ్మకి పంపమని ఇచ్చిందని ఉత్తరంలో రాశావు. డబ్బా మీద నీలం సిరాతో: "శుక్రవారం శుక్రవారం ఒగటి."

అంతే రాశావు.

అవ్వ డబ్బా చేతిలో తిప్పి తిప్పి చూసి ఏమన్నదో తెలుసా?

"మీ యమ్మకి శుక్రవారం పిచ్చి పట్టుకుండాది మే. టాంగూ శుక్రవారమే, మాత్రా శుక్రవారమే. నొప్పి మాత్రం దినామూ వస్తాండాదే, దానికి సెలవు లేదే!"

మేం ముగ్గురం పడీ పడీ నవ్వాం. అందరికన్నా ఎక్కువ నవ్వింది నేను.

ఎందుకంటే నాకు కోపంగా ఉండేది. ఇప్పటికీ ఉంది. నా కాన్వెంటు బూట్లు ఎప్పుడూ రెండు సైజులు పెద్దవి, ముందు పేపరు కుక్కుకుని నడిచేదాన్ని. నువ్వు పంపిన ప్రతి వస్తువూ "కొంచెం కొంచెం" అన్న మాటతోనే వచ్చింది. నువ్వు కూడా కొంచెం కొంచెంగానే వచ్చావు. రెండేళ్ళకు నలభై రోజులు. అందుకని ఆ శుక్రవారం కూడా నీ పొదుపే అనుకున్నాం. ఖరీదైన ఫారిన్ మందు, ఎక్కువ రోజులు రావాలని అలా రాశావనుకున్నాం.

అయినా నాలుగు శుక్రవారాలు నువ్వు చెప్పినట్టే ఇచ్చాను. ఏమీ తేడా లేదు. అవ్వ రవిక గుండీలు పెట్టుకోలేక గోడ వైపు తిరిగి కూర్చునేది. ముద్ద కలుపుకోలేకపోయేది. ఒక పొద్దు నా చెయ్యి పట్టుకుని అడిగింది: "దినాము ఒగటియ్యి మే. మీ యమ్మకి తెలిస్తే నేను సెప్పుకుంటాలే. నా బిడ్డే గదా, ఏమంటాది?"

ఆ మర్నాడు మదనపల్లె వెళ్ళాను. మందు పేరు కొట్టాను. పేజీ తెరుచుకుంది. నల్ల గీతల పెట్టె కనిపించింది. అది అన్నిటికన్నా పెద్ద పెట్టె. వేలు రెండుసార్లు తిప్పింది. "దేనికి వాడతారు" అన్న చోట ఆగాను. కొన్ని రకాల కాన్సర్లకు అని ఉంది. ఒక్క క్షణం భయం వేసింది. కిందికి చూస్తే కీళ్ళవాతానికి అని కూడా ఉంది. అమ్మయ్య అనుకున్నాను. ఇదే మన మందు. అక్కడితో లేచి వచ్చేశాను. తిరుగు బస్సు అందుకోవాలి.

ఇంటికి వచ్చి, వీధిలో అందరికీ రాసినట్టే అవ్వకు కూడా చీటీ రాశాను. "కీళ్ళవాతానికి. రోజుకు ఒకటి. రాత్రి అన్నం తిన్నాక." జిగురు రాసి డబ్బా మీద అంటించాను. నీ రాత మీదే అంటించాను, అమ్మా. అది కనిపించకుండా.

అయిదో రోజు అవ్వ నన్ను పిలిచి ముందు కూర్చోబెట్టుకుని నాకు తల దువ్వింది. రెండేళ్ళుగా దువ్వెన పట్టుకోలేని చేతులు. చిక్కు తీసి, జడ వేసి, కొసన రిబ్బను ముడి కూడా వేసింది. "సూస్తివా, మీ యమ్మ పిసినారితనానికి నెల్లాళ్ళు ఊరికే నొప్పి పడితిని," అన్నది. నేను గెలిచాననుకున్నాను. తర్వాత డాక్టరు చెప్పాడు, ఆ మందు పనిచేయడానికి నెల పడుతుందట. నాకు తల దువ్వింది నీ నాలుగు శుక్రవారాలు. నేనిచ్చినవి అప్పటికి ఇంకో పని చేస్తున్నాయి.

తొమ్మిదో రోజుకు నోరంతా పూసింది. "వేడి చేసుండాది వదినమ్మకి" అని పక్కింటి వాళ్ళు, "సబ్జా గింజలు తాపియ్యండి" అని అత్త. మజ్జిగ తాగించాం. సూది వేసే గంగులప్ప వచ్చి బలానికి మాత్రలు ఇచ్చాడు. మెతుకు మింగలేకపోయింది. నేను మాత్రం రాత్రి మాత్ర మానలేదు. పలచటి మజ్జిగలో కలిపి పట్టాను. అవ్వ మొహం చిట్లించుకుని తాగింది, నేను ఇచ్చాను కాబట్టి.

పదమూడో రోజు జ్వరం. మామ మండీ వ్యాను మాట్లాడుకుని వచ్చాడు. పలమనేరు మీదుగా కుప్పం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. ఇంతవరకు నీకు ఫోన్‌లో చెప్పిందే. వయసు, జ్వరం, రక్తం తగ్గింది, పోయింది. మామ చెప్పమన్నది అంతవరకే. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

మొదటి రోజు డాక్టరు అడిగాడు, "ఏమైనా మందులు వాడుతున్నారా?" మామ చేతులు కట్టుకుని, "ఏమీ లేవు సార్. గంగులప్ప బలానికిచ్చినాడు, అంతే," అన్నాడు. మామ అబద్ధం చెప్పలేదు. కువైట్ డబ్బా ఆయన దృష్టిలో మందు కాదు. సెంటు, టాంగు లాగా నువ్వు పంపిన సామాను. నేను ఆయన వెనక ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉన్నాను. నాకు తెలుసు. చెప్పాలనే అనుకున్నాను. డాక్టరు కాగితం తిప్పి ఇంకో ప్రశ్నకు వెళ్ళాడు. అది మంచి మందే కదా, అక్కరలేదులే అనుకుని ఊరుకున్నాను.

రెండో రోజు పొద్దున డాక్టరు తన వెంట ఉన్న విద్యార్థులతో ఇంగ్లీషులో అంటున్నాడు. రక్త కణాలు తయారయ్యే చోటే ఏదో దెబ్బ తగిలింది, మందు వల్ల ఇలా జరగవచ్చు, ఇంటి వాళ్ళను మళ్ళీ అడగండి అని. మామకు అర్థం కాలేదు. నాకు అయింది. ఆ ఇంగ్లీషు కోసమే కదా నువ్వు అక్కడ గిన్నెలు తోమింది.

బయటికి వచ్చి బ్రౌజింగ్ సెంటరు వెతుక్కుంటూ వెళ్ళాను. అదే పేజీ తెరిచాను. ఈసారి చక్రం ముట్టుకోలేదు. పై అక్షరం నుంచి కింది అక్షరం దాకా చదివాను. నోటి పూత, అది విషం ఎక్కుతోందనడానికి మొదటి గుర్తు అని ఉంది. కీళ్ళవాతానికి వారానికి ఒక్కసారి మాత్రమే అని ఉంది. పొరపాటున రోజూ వేసుకున్నవాళ్ళు చనిపోయారు అని ఉంది. దాచిపెట్టలేదు, మెలిక పెట్టలేదు. సూటిగా, నాలాంటి దానికోసమే రాసినట్టు రాశారు. ప్రపంచంలో ఎవరు అడిగినా ఉచితంగా చెప్పే మాట అది. రెండు వారాల కిందట నేను దాని మీది నుంచే జారిపోయాను.

ఆ పేజీ ప్రింటు తీసుకుని మధ్యాహ్నం మూడుకు వార్డుకు వచ్చాను.

అమ్మా, ఇక్కడి దాకా చదివినదంతా తెలియక చేసింది. ఇది మాత్రం తెలిసి చేసింది.

అయిదింటికి డాక్టరు వచ్చాడు. చుట్టూ ఎనిమిది మంది విద్యార్థులు. నేను అవ్వ మంచం తల దగ్గర, చేతిలో మడిచిన కాగితంతో నిలబడ్డాను. ఆయన మా మంచం దగ్గరకు వచ్చి, చార్టు చూసి, అవ్వ కనురెప్ప ఎత్తి చూశాడు. "సార్" అన్నాను. గొంతు బయటికి రాలేదు. ఒక విద్యార్థిని నా వైపు చూసింది, నేను తల దించుకున్నాను. ఇంతమందిలో, "మా అవ్వకు నేనే రోజూ విషం ఇచ్చాను సార్" అని ఎలా అనాలి? వాళ్ళు పక్క మంచానికి వెళ్ళారు. అందరినీ చూశాక ఒంటరిగా ఉన్నప్పుడు చెప్దామనుకున్నాను. ఆయన అవతలి తలుపు నుంచి వెళ్ళిపోయాడు. నర్సమ్మ ఉంది. ఎవరినో కేకలేస్తోంది. రేపు పొద్దున్నే చెప్దాం అనుకున్నాను. అలా అనుకుని మంచం పక్కన కూర్చున్నాను. అవ్వకు దాహం వేస్తే పెదాల మీద తడి గుడ్డ అద్దాను.

పొద్దున ఎనిమిదికి వరండాలో డాక్టరు ఒక్కడే వస్తుంటే ఎదురెళ్ళి కాగితం ఇచ్చాను. నిలబడే చదివాడు.

"ఈ మాత్రలు వేసుకుందా?"

"రోజూ సార్. పన్నెండు రోజులు."

"ఈ కాగితం నీకెక్కడిది?"

"నిన్న మధ్యాహ్నం ఇంటర్నెట్‌లో తీశాను సార్."

"నిన్న మధ్యాహ్నమా?"

"అవును సార్."

ఆయన నా మొహంలోకి చూశాడు. లోపలికి పరుగెత్తినట్టే వెళ్ళాడు. దానికి విరుగుడు ఇంజెక్షను ఉందట. తెప్పించారు, ఇచ్చారు. అవ్వ ఆ మధ్యాహ్నం రెండుకు పోయింది.

తర్వాత నేను ఆయన్ని అడిగాను, నిన్న సాయంత్రమే చెప్పి ఉంటే అని. "చెప్పలేమమ్మా," అన్నాడు. "అప్పటికే చాలా నష్టం జరిగింది. కానీ ఇది గంట గంటకూ లెక్క." తిట్టినా బాగుండేది.

మామకు అక్కడే తెలిసింది. వరండా మెట్ల మీద చాలాసేపు కూర్చుని లేచాడు. "పాపా, ఇది మూడో మనిసికి తెలీకూడదు. మీ యమ్మకి అసలే వద్దు. ఆడ ఒక్కతే ఉండాది, నా మాత్రలే సంపినాయని ఏమన్నా సేసుకుంటాది," అన్నాడు. వ్యాను ఎక్కేముందు ఇంకో మాట అన్నాడు, కోపంతో కూడా కాదు: "ఇంత సదివి, ఆ నోరు లేనప్పుడు యాల పాపా?"

ఆ మాట మీదే మూడు నెలలుగా బతుకుతున్నాను.

నువ్వు చివర అడిగిన ప్రశ్న మిగిలింది. "మా యమ్మకి ఆకరికన్నా నా మాత్రలతో నొప్పి తగ్గిందా?" తగ్గింది. నీ లెక్క ప్రకారం ఇచ్చినన్నాళ్ళూ అవి మంచే చేశాయి. నాకు తల దువ్వింది. ఇది నిన్ను ఓదార్చడానికి రాయడం లేదు, జరిగింది అదే.

కానీ నిన్ను తప్పు పట్టకుండా కూడా ఉండలేకపోతున్నాను. శుక్రవారం అని రాసినదానివి, ఎందుకు శుక్రవారమో ఒక్క ముక్క ఎందుకు రాయలేదు? రోజూ వేస్తే ప్రమాదం అని నాలుగు మాటలు. తర్వాత నాకే అనిపిస్తుంది, నీకు మాత్రం ఎవరు చెప్పారు? ఆ ఇంటి పెద్దామెకు ఆరేళ్ళు స్నానం చేయించావు, కాళ్ళు పిసికావు, శుక్రవారం శుక్రవారం నీళ్ళ గ్లాసుతో ఆ మాత్ర చేతికిచ్చావు. డబ్బా మీద ఒక పక్క అరబ్బీ, ఒక పక్క ఇంగ్లీషు. నీకు రెండూ రావు. చదివి చెప్పాలని వాళ్ళకెవరికీ తోచలేదు. నీకు తెలిసిందల్లా తెలుగులో రాసి పంపావు. మన ఇంట్లో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

ఇప్పుడు నువ్వు చేయవలసిన పని. ఇంకో రెండు డబ్బాలు ఉన్నాయని, వీధిలో నొప్పులున్న వాళ్ళకు పంపుతానని రాశావు. పంపకు. నీ గదిలో కూడా ఎవరికీ ఇవ్వకు. ఇప్పటికే ఎవరికైనా ఇచ్చి ఉంటే, ఈ ఉత్తరం మడిచి పెట్టి ముందు వెళ్ళి వాళ్ళను అడుగు, ఎలా వేసుకుంటున్నారని. నోరు పూసిందేమో చూడు. పూసి ఉంటే ఆ డబ్బా పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళమను. వాళ్ళేమనుకుంటారో అని ఆగకు. నీ ఉత్తరం అందగానే, నెల కిందటే నేను ఇది రాయాల్సింది. మళ్ళీ రేపు రేపు అనుకున్నాను. ఆ సాయంత్రం వార్డులో ఉన్న మనిషే ఇంకా నాలో ఉంది.

చీటీలు రాయడం మానేశాను. గురప్పన్న రెండుసార్లు కబురు పెట్టాడు, వెళ్ళలేదు. ఆ సైటు మాత్రం అప్పుడప్పుడు తెరుస్తాను. ఆ ఒక్క పేజీనే చదువుతాను, పై నుంచి.

నా చీటీ ఆ మొదటి డబ్బా మీది నుంచి ఊడదీసి ఈ ఉత్తరంలో పెడుతున్నాను. మామ కాల్చేయమన్నాడు. నీళ్ళలో నానబెట్టి తీశాను, చినగలేదు. వెనక్కి తిప్పి చూడు. నీ నీలం సిరా జిగురుతో పాటు లేచి వచ్చి, నా చీటీ వెనక అంటుకుంది. శుక్రవారం శుక్రవారం అని, తిరగబడి కనిపిస్తుంది.

రేపు పొద్దున కొళాయి దగ్గరకు వెళ్తాను. అక్కమ్మ ఉంటుంది, ఇంకా పదిమంది ఉంటారు. మాత్రలు ఎందుకు ఇవ్వలేదో, ఎక్కడ పూడ్చానో, అవ్వ ఎలా పోయిందో చెప్తాను. చీటీ రాసుకుని వెళ్ళను. నోటితోనే చెప్తాను. మామకు ముందుగా చెప్పడం లేదు, చెప్తే వద్దంటాడు. వీధికి తెలిసేలోపు నీకు తెలియాలని సుబ్బలక్ష్మమ్మ ప్రయాణం కోసం ఆగాను, కానీ ఆమె నీ దగ్గరకు చేరేది ఎల్లుండి. ఒక రోజు నువ్వే వెనకబడతావు. క్షమించు. ఇంకో రోజు ఆగితే నేను మళ్ళీ ఆగిపోతాను.

ఎల్లుండి నువ్వు ఫోన్ చేసినప్పుడు అత్త ఎత్తదు. నేను ఎత్తుతాను. నీ కార్డులో ఎన్ని నిమిషాలుంటే అన్ని నిమిషాలూ తిట్టు. ఊ, ఆ అనను. అడిగినదానికల్లా జవాబు చెప్తాను.

ఇట్లు,
చెప్పవలసిన పూట చెప్పలేకపోయిన
నీ కూతురు,
భార్గవి